అధ్యాయం 7: మొహమాటానికి పోయిన నాలుగెకరాలు

కొండ దిగువన ఒక గూడెం. వాగు పక్కన ఒక రైతుకు నాలుగెకరాల మెట్ట. గట్టు మీద తాత నాటిన చింతచెట్టు, ఇంట్లో రేకుపెట్టె అడుగున మడతలు పడ్డ పట్టా. ఆ రైతుకు నేను పేరు పెట్టడం లేదు. సీతంపేట నుంచి ఉట్నూరు దాకా ఏ ఏజెన్సీ ఊళ్లో ఈ సంగతి చెప్పినా "మా ఊళ్లోనూ ఇంతే" అనేవాళ్లు దొరుకుతారు. మీకు తెలిసిన పేరు ఏదైనా పెట్టుకుని చదవండి.

మొదటి ఏడాది, సంత దగ్గర కొట్టు పెట్టుకున్న షావుకారు వచ్చాడు. "ఏం మామా, భూమి బీడు పెట్టావు. మూడేళ్లు నాకు కౌలుకియ్యి. పిల్ల పెళ్లికి డబ్బు సర్దుతాను" అన్నాడు. ఇంట్లో జ్వరమొస్తే ఆస్పత్రికి ఆటో మాట్లాడి పంపిన మనిషి. కాదంటే ఏమనుకుంటాడో అని రైతు తల ఊపాడు.

మూడో ఏడాది, "ఎరువుల లోను కోసం అడంగల్‌లో సాగుదారుగా నా పేరు రాయిస్తాను, నీకొచ్చే నష్టమేం లేదులే" అన్నాడు. రైతు ఏమీ అనలేదు. ఐదో ఏడాది, "లెక్క తేలేదాకా ఇది నా దగ్గర ఉండనియ్యి" అంటూ తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగాడు. అందులో ఏముందో చదివి చెప్పమనడానికి రైతుకు నోరు రాలేదు. ఎనిమిదో ఏడాదికి చేను చుట్టూ కంచె పడింది, బోరు దిగింది, కరెంటు మీటరు వచ్చింది. రైతు దూరంగా నిలబడి చూశాడు. పన్నెండో ఏడాది, డిగ్రీ చదివి ఊరికొచ్చిన రైతు కొడుకు వెళ్లి అడిగితే, షావుకారు కొడుకు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఇది మా నాన్న కొన్న భూమి. కాగితం ఉంది."

నాలుగుసార్లు నోరు మెదపలేదు. నాలుగెకరాలు పోయాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. తప్పు ఆక్రమించినవాడిదే. ఆ రైతు మౌనం వెనక అప్పుంది, ఆకలుంది, చదువు అందని తరం ఉంది, ఆఫీసు గుమ్మం దగ్గర ఎదురైన చీదరింపు ఉంది. అవి అతను చేసుకున్నవి కావు. అయితే ఆ నాలుగు సందర్భాల్లో ఏ ఒక్కదాంట్లోనైనా ఒక ప్రశ్న పడి ఉంటే, వ్యవహారం అక్కడే ఆగేది. ఆ ప్రశ్న అడగడాన్ని అలవాటుగా మార్చుకోవడమే ఈ అధ్యాయంలో మన పని.

చట్టం ఎప్పుడో మీ పక్కకు వచ్చింది

మొహమాటంలో సగం భయం. ఆ భయంలో సగం తెలియకపోవడం. కాబట్టి ముందు తెలుసుకుందాం.

గిరిజనుల భూమికి రక్షణ నిన్న మొన్న వచ్చిన దయ కాదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల భూబదిలీ చట్టం చేసింది. ఏజెంటు, అంటే కలెక్టరు, అనుమతి లేకుండా కొండజాతివారి భూమి ఇతరుల చేతికి పోకూడదని అందులో ఉంది. అటు నిజాం రాజ్యంలో కొమరం భీమ్ 1940లో జోడేఘాట్ కొండల్లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతే ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి పంపింది. గోండు కుటుంబాలకు పట్టాలివ్వడం అలా మొదలైంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ రెగ్యులేషన్ వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజనులు తుపాకీ గుండ్లకు బలయ్యారు, శ్రీకాకుళం ఏజెన్సీ భగ్గుమంది. ఆ మంటలు చల్లారకముందే, 1970లో, పాత రెగ్యులేషన్‌కు పదునైన సవరణ చేశారు. ఆ ఏడాది వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్ కాబట్టి జనం నోట అది '1/70' అయింది. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉంది.

దానిలోని అసలు సంగతులు నాలుగు. ఇవి మీ ఇంట్లో పదో తరగతి పిల్ల కూడా గడగడా చెప్పగలగాలి.

ఒకటి: షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనుడికి గానీ, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి గానీ తప్ప మరెవరికీ బదిలీ చేయడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఇదే నియమం.

రెండు: బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకోకండి. కౌలు, తాకట్టు, దానం, మారకం, వీటి కోసం రాసుకున్న ఒప్పందం, అన్నీ బదిలీలే. అంటే మన కథలో షావుకారు మొదటి ఏడాది అడిగిన కౌలే చెల్లదు. మిగతా పదకొండేళ్లూ దాని మీద కట్టిన గోడ.

మూడు: అక్కడ గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బరువు అతనిది. "ఇది నీదని రుజువేంటి?" అని వాళ్లు మిమ్మల్ని అడగడం కాదు, "ఇది మీకెలా వచ్చింది?" అని మీరు వాళ్లను అడగవచ్చు.

నాలుగు: భూమిని ఖాళీ చేయించి అసలు హక్కుదారుకు గానీ వారసులకు గానీ తిరిగి ఇప్పించే అధికారం అధికారులకు ఉంది. మీరు అర్జీ పెట్టవచ్చు. ఎవరూ పెట్టకపోయినా అధికారి తనంతట తానే కేసు చేపట్టవచ్చు.

1978లో మరో సవరణ వచ్చింది. చట్టాన్ని దాటి భూమి సంపాదించినవారికీ, ఖాళీ చేయమన్న ఉత్తర్వు తర్వాత కూడా కదలనివారికీ ఏడాది దాకా జైలు పడవచ్చు. ఈ రెగ్యులేషన్ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో తేల్చింది. 1997 జూలై 11న సమతా కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వమిచ్చిన గనుల లీజుల మీద నడిచిన కేసది. చట్టం చెప్పే 'వ్యక్తి'లో ప్రభుత్వం కూడా ఉందని, షెడ్యూల్డు ప్రాంతంలోని సర్కారు భూమిని ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. ప్రభుత్వాన్నే కట్టేసిన చట్టం, సంత దగ్గర షావుకారును వదిలేస్తుందా?

అలవాటు 1: రేకుపెట్టెను ఫైలుగా మార్చండి

మన ఇళ్లలో భూమి కాగితాలను దేవుడి పటంలా దాస్తాం. తీసి చదవం. తడుస్తాయి, చెదలు పడతాయి, చివరకు అవసరమైన రోజున సర్వే నంబరే తెలియదు. ఒక ఆదివారం కేటాయించి ఈ పని చేయండి.

మొదట, మీ ఊరు షెడ్యూల్డు ప్రాంతంలో ఉందో లేదో చూడండి. గిరిజనులు నివసించే ప్రతి ఊరూ అందులో ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఏ ఊళ్లున్నాయో ఆ జాబితా ఐటీడీఏలో (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ), తహసీల్దార్ కార్యాలయంలో దొరుకుతుంది. ఊరు జాబితాలో లేకపోతే 1/70 వర్తించదు. అప్పుడు అసైన్డు భూముల చట్టం, అట్రాసిటీ చట్టం, అటవీ హక్కుల చట్టం మీకు ఆధారం. దారి వేరైనా దారంటూ ఉంటుంది.

తర్వాత ఒక ప్లాస్టిక్ కవరులో వీటిని చేర్చండి: పట్టా లేదా పాసుపుస్తకం, తాజా 1-బి, అడంగల్ లేదా పహాణీ నకలు, పొలం కొలతల పటం, శిస్తు రసీదులు, కులధ్రువీకరణ పత్రం, తాత తండ్రుల మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల పత్రం. పాత రికార్డు ఎంత పాతదైతే అంత విలువ. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆంధ్ర ఏజెన్సీలో సర్వే సెటిల్‌మెంటు నాటి ఫెయిర్ అడంగల్, వీటి నకళ్లు సంపాదించండి. అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

ప్రతి ఏడాదీ పంట నమోదు అయ్యాక అడంగల్ తీసి సాగుదారు గడి చూడండి. మన రైతు మూడో ఏడాది ఆ ఒక్క గడి చూసి ఉంటే, అక్కడ వేరే పేరు కనపడేది. ఏడాదికోసారి పిల్లలకు దిష్టి తీసినట్టే, భూమి కాగితాలకూ ఒకసారి దిష్టి తీయాలి.

అలవాటు 2: 'వద్దు' అనే మాటను ముందే సిద్ధం చేసుకోండి

ఎదురుగా మనిషి నవ్వుతూ నిలబడినప్పుడు కాదనడం కష్టం. అందుకే ఏం చెప్పాలో ముందే నోటికి నేర్పాలి. ఇంట్లో భార్యాభర్తలు, అన్నదమ్ములు ఒకసారి పైకి అనుకోండి. నవ్వొచ్చినా ఫరవాలేదు.

కౌలు అడిగితే: "అన్నా, మీరంటే గౌరవముంది. కానీ ఏజెన్సీ భూమి మీ పేరిట కౌలుకిస్తే చట్టం ఒప్పుకోదు. రేపు ఇద్దరం ఇబ్బంది పడతాం. వద్దులెండి."

కాగితం మీద సంతకం అడిగితే: "నేను చదివి, నా బిడ్డ చదివి, ఊరి పెద్దలు చూశాక చెబుతాను. ఇవాళ పెట్టను."

"నన్ను నమ్మవా?" అని నొచ్చుకుంటే: "నమ్మకం వేరు, భూమి వేరు. మా తమ్ముడడిగినా ఇదే చెబుతాను."

చేసిన మేలు గుర్తుచేస్తే: "మీ మేలు మరవను. తీసుకున్న డబ్బు డబ్బుగానే తీరుస్తాను. భూమిని మాత్రం లెక్కలోకి తేవద్దు."

ఈ నాలుగో మాట అన్నిటికన్నా బరువైనది. మన పెద్దలు కృతజ్ఞతకు ప్రాణమిస్తారు. ఆ మంచితనాన్నే పెట్టుబడిగా పెట్టి భూమి రాయించుకున్నవాళ్లున్నారు. అప్పు తీర్చడం ధర్మమే. అప్పుకు తరాల ఆధారాన్ని అప్పగించడం ఏ ధర్మమూ చెప్పలేదు.

అసలు అప్పు కోసం షావుకారు గుమ్మం ఎక్కక ముందే ఒక దారి చూడండి. 1971లో వచ్చిన సవరణ ప్రకారం గిరిజన రైతు బ్యాంకు దగ్గరో సహకార సంఘం దగ్గరో భూమిని స్వాధీనం వదలకుండా తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చు. తీర్చలేక వేలం వేయవలసి వచ్చినా, ఆ భూమి గిరిజనుడికే పోతుంది. మహిళా సంఘం పొదుపు, బ్యాంకు పంట రుణం, ఈ రెండూ షావుకారు తలుపుకు వేసే తాళాలు.

అలవాటు 3: ఎదుటివారి కాగితాన్ని చదవడం నేర్చుకోండి

"కాగితం ఉంది" అన్న మాట వినగానే మనకు కాళ్లు చల్లబడతాయి. చల్లబడనక్కర్లేదు. ఏ కాగితం, ఏ తేదీది, ఎవరు రాశారు, అని అడగాలి.

1970 ఫిబ్రవరి 3కు ముందు గిరిజనేతరుల మధ్య సక్రమంగా జరిగిన బదిలీలను ఆ ఏటి సవరణ వెనక్కి వెళ్లి రద్దు చేయదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఆ మినహాయింపులో దూరడానికే కొందరు పాత తేదీలు వేసిన కాగితాలు పుట్టిస్తారు. కొత్త కాగితానికి పాత తేదీ వేయడం తేలికే గానీ, పాతకాలాన్ని తు.చ. తప్పకుండా రాయడం చాలా కష్టం. ఇక్కడే దొరుకుతారు.

1965 తేదీ వేసిన కాగితంలో 'మండలం' అని ఉందా? మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకాలు. ఊరి పేరు పక్కన పిన్‌కోడ్ ఉందా? పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. 1968 కాగితంలో 'విజయనగరం జిల్లా' అని రాసి ఉందా? ఆ జిల్లా ఏర్పడింది 1979లో. అప్పటికి కరణమో పట్వారీయో ఉండవలసిన చోట వీఆర్వో సంతకం ఉందా? స్టాంపు పేపరు వెనక అమ్మినవారి పేరు, వరుస నంబరు, తేదీ ఉన్నాయా? సాక్షులు ఆ నాటికి పుట్టారా? వేలిముద్ర వేశాడంటున్న తాత అప్పటికి బతికి ఉన్నాడా? మరణ ధ్రువపత్రం ఫైల్లో ఉండాలని చెప్పింది ఇందుకే.

ఇంకో ముసుగు బినామీ. భూమి పేరుకు ఒక గిరిజనుడిది, సాగూ రాబడీ గిరిజనేతరుడివి. పాలేరు పేరిటో, ఇంటికి తెచ్చుకున్న గిరిజన స్త్రీ పేరిటో కొన్నట్టు రాస్తారు. ఆ పేరున్నవారికి సంత ఖర్చుకు కూడా చిల్లిగవ్వ దక్కదు. మీ పేరు అలా వాడుకుంటామంటే ఒప్పుకోకండి. మీ పేరే మీ పొరుగువాడి పొలానికి కన్నం వేసే గునపం అవుతుంది.

"మేం పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నాం, హక్కు వచ్చేసింది" అనే మాట కూడా వినబడుతుంది. ఒడిశా షెడ్యూల్డు ప్రాంతానికి చెందిన కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. గిరిజనుల భూబదిలీని చట్టం నిషేధించిన చోట, గిరిజనేతరుడు ఏళ్ల తరబడి కూర్చున్నంత మాత్రాన అనుభవ హక్కు పుట్టదు. కరెంటు మీటరు, బోరు, ఇంటి పన్ను రసీదు, ఇవేవీ భూమి మీద హక్కు పత్రాలు కావు.

మన కథలో రైతు కొడుకు గుర్తున్నాడు కదా? అతని చేతిలో ఇంకా అన్నీ ఉన్నాయి. తండ్రి పేరిట పట్టా ఉంది. చెల్లని కౌలుతో మొదలైన స్వాధీనం అవతలివాడిది. రుజువు భారం కూడా అవతలివాడిదే.

అలవాటు 4: నోటి మాటను రాత చేయండి

పది ఏళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి నోటితో చెప్పుకున్న బాధకు రికార్డులో ఒక్క గీత కూడా ఉండదు. ఒక్క అర్జీకి ముద్రపడిన రసీదు ఉంటే, ఆ రోజు నుంచి జవాబు చెప్పవలసినవాడు అధికారి.

షెడ్యూల్డు ప్రాంతంలో అర్జీ పెట్టవలసింది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్, గిరిజన సంక్షేమం గారికి. జనం 'ఎస్డీసీ' అంటారు, ఆ కేసును 'ఎల్టీఆర్ కేసు' అంటారు. అర్జీకి పెద్ద లాయరు భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"నేను ఫలానా గ్రామానికి చెందిన ఫలానా తెగ గిరిజనుణ్ని. సర్వే నంబరు ఇంతలో నాలుగు ఎకరాలు మా తండ్రి గారి పట్టా భూమి. ఫలానా సంవత్సరం నుంచి గిరిజనేతరులైన ఫలానావారు దీనిని చట్టవిరుద్ధంగా స్వాధీనంలో ఉంచుకున్నారు. 1959 నాటి ఒకటో నంబరు భూబదిలీ రెగ్యులేషన్ సెక్షన్ 3 ప్రకారం విచారించి, వారిని ఖాళీ చేయించి, భూమిని మాకు అప్పగించవలసిందిగా కోరుతున్నాను."

కింద తేదీ, సంతకం, జతచేసిన కాగితాల జాబితా. రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు ఫైల్లో పెట్టండి. ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, కలెక్టరుకు నకలు ఇవ్వండి. సోమవారం గ్రీవెన్సులోనో ప్రజావాణిలోనో ఇచ్చినా నంబరు తీసుకోకుండా బయటికి రాకండి.

లాయరు కావాలంటే డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

బెదిరింపు, దౌర్జన్యం ఉంటే పోలీసు స్టేషనుకు వెళ్లండి. గిరిజనుడి భూమిని అక్రమంగా ఆక్రమించడం, సాగు చేయడం, వెళ్లగొట్టడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా అడిగి తీసుకోండి. ఒక హెచ్చరిక మాత్రం మరవకండి: ఆవేశంలో మీరే వెళ్లి కంచె పీకకండి, పంట కోయకండి. న్యాయం మీ పక్కన ఉన్నప్పుడు, కేసు మీ మీద పడేలా చేయడమే అవతలివారికి కావలసింది.

అలవాటు 5: ఒంటరిగా వెళ్లకండి

ఒక్కడు ఆఫీసుకు వెళ్తే అర్జీదారు. పదిమంది వెళ్తే ఊరు.

1996లో వచ్చిన పెసా చట్టం ఈ ఊరికి పేరు పెట్టి బలమిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే అధికారం, అక్రమంగా పోయిన గిరిజనుల భూమిని తిరిగి ఇప్పించడానికి చర్య తీసుకునే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండేలా చూడాలని అందులో ఉంది. గ్రామసభ తీర్మానం రాసి, అందరూ సంతకాలు, వేలిముద్రలు వేసి పంపితే, దాన్ని ఒక మనిషి ఫిర్యాదులా పక్కన పెట్టేయలేరు. ఏడాదికోసారి గ్రామసభలో ఊరి అడంగల్ పైకి చదివించండి. ఎవరి పొలం ఎవరి పేరిట మారిందో ఊరందరి ముందూ తెలుస్తుంది. చాటుగా జరిగే పని వెలుతురులో జరగదు.

పోడు భూములకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబం 4 హెక్టార్ల వరకు హక్కు కోరవచ్చు. క్లెయిము తీసుకుని పరిశీలించేది మొదట గ్రామసభే. విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని చట్టం చెబుతోంది. తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, 60 రోజుల్లోగా పై కమిటీకి అప్పీలు చేయండి. ఈ పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి కుదరదు.

ఈ చట్టంలో ఇంకో మంచి సంగతి ఉంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరిట రావాలి. ఈ మాట ఇంటికి కూడా పట్టించండి. కాగితాలు ఎక్కడున్నాయో, సర్వే నంబరెంతో ఇల్లాలికి తెలియాలి. సారా సీసా చూపించి భర్తతో వేలిముద్ర వేయించుకున్న చోట్ల, "ఆగయ్యా, అందులో ఏముందో చదవనీ" అని అడ్డుపడాల్సింది ఆమే. ఆమెకు తెలియని సంతకం ఏదీ ఇంట్లో జరగకూడదని నియమం పెట్టుకోండి.

ఓపికను కూడా సాధన చేయాలి

ఎల్టీఆర్ కేసు సంక్రాంతికి పెడితే ఉగాదికి తీరేది కాదు. మీరు గెలిచాక అవతలివారు ఏజెంటుకు, అంటే కలెక్టరుకు, అప్పీలు చేస్తారు. ఆపైన ప్రభుత్వానికి, హైకోర్టుకు వెళ్తారు. ఆలస్యమే వాళ్ల ఆయుధం. దాన్ని తట్టుకోవడానికి మూడు పనులు చేయండి. ఒక నోటుపుస్తకంలో వాయిదా తేదీ, ఎవరు వచ్చారు, ఏం చెప్పారు అని రాయండి. ప్రతి వాయిదాకూ ఎవరో ఒకరు హాజరవ్వండి, హాజరు కాకపోవడం వల్లే ఓడిన కేసులుంటాయి. ఉత్తర్వు రాగానే పండుగ చేసుకుని ఊరుకోకండి. పంచనామా రాసి, హద్దులు చూపించి, భూమి మీ స్వాధీనంలో పెట్టేదాకా వెంటపడండి. ఆ మర్నాడే అరక కట్టండి. కాగితం మీద గెలిచి, చేనులో దిగని భూమి మళ్లీ పోతుంది.

గిరిజనేతర పాఠకులకు ఒక మాట

మీలో ఎవరికైనా అరకులోనో లంబసింగిలోనో కాటేజీ కోసం చవకగా స్థలం ఇప్పిస్తామని ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఆ భూమి మీది కాలేదు. బినామీ పేరున రాయించినా, నోటరీ చేయించినా, తొంభై తొమ్మిదేళ్ల లీజు అన్నా కాలేదు. మీ కష్టార్జితం పోతుంది, ఒక కుటుంబానికి బతుకుతెరువు పోతుంది. మీరు ఉద్యోగులైతే, మీ బల్ల ముందుకు అర్జీ పట్టుకొచ్చిన మనిషికి ముందు కుర్చీ చూపించండి, తర్వాత రసీదు ఇవ్వండి. మీరు టీచర్లైతే, అడంగల్ ఎలా చదవాలో పిల్లలకు ఒక పూట చెప్పండి.

ఈ నెలలో చేయవలసినవి

మొదటి వారం: ఫైలు తయారు చేయండి, ఊరు షెడ్యూల్డు జాబితాలో ఉందేమో చూడండి.

రెండో వారం: 1-బి, అడంగల్ లేదా పహాణీ నకళ్లు తీయించి, పేర్లు, విస్తీర్ణం సరిచూడండి.

మూడో వారం: ఇంటిల్లిపాదీ పొలం హద్దుల వెంట నడవండి. హద్దురాళ్లు ఎక్కడున్నాయో పిల్లలకు చూపించండి. ఫోనుతో ఫొటోలు తీయండి.

నాలుగో వారం: తేడా కనపడితే అర్జీ పెట్టండి. కనపడకపోతే, తేడా ఉన్న పొరుగువారి అర్జీ రాసిపెట్టండి.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు భూమి కోసం గొంతు విప్పడానికి కూడారు. పోలీసు కాల్పుల్లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది నేలకొరిగారు. వాళ్లు ప్రాణాలొడ్డి అడిగిన మాటను, మనం ఒక తెల్లకాగితం మీద రాసి, రెండు ప్రతులు తీసి, రసీదు తీసుకుని అడగగలం. ఇంత తేలిక చేసి ఇచ్చిన పనిని మొహమాటానికి వదిలేయకండి. ఈ రాత్రి భోజనాలయ్యాక రేకుపెట్టె కిందికి దించండి. పట్టా తీసి, చదువుకున్న బిడ్డతో పైకి చదివించండి. ఇంట్లో అందరూ వినండి.